ఒంటి తుమ్ము

మొన్న నెల్లూరులో మా మనవరాలింటికి పోయినాను. తలుపు తీస్తే హాల్లో దూడంత కుక్క. ఎవరో కొనుక్కుని, మేపలేక రోడ్డు మీద వదిలేసి పోయినారంట. ఈ పిల్ల జాలిపడి ఇంటికి తెచ్చుకుంది. "భయపడబాక అవ్వా, ఏమీ చేయదు" అనింది. భయమా, నాకా! అది నేరుగా నా దగ్గరికొచ్చి, ఒళ్ళంతా నా తొడకి ఆనించి నిలబడింది. నిలబడి ఒక్క తుమ్ము తుమ్మింది. అంతే, నేను సోఫాలో కూలబడి ఒకటే నవ్వు. కండ్లెంట నీళ్ళు కారతా ఉండాయి. పిల్ల బిత్తరపోయి మంచినీళ్ళు తెచ్చింది. "దీని జాతి గ్రేట్ డేన్ అవ్వా" అని గూడా చెప్పింది. అదేం జాతో నాకు ఇన్నాళ్ళకి తెలిసింది. అప్పట్లో ఇట్లాంటిదాన్నే మేము దొరజాతి అనుకునేవాళ్ళం.

నాకు మా వదిన గుర్తొచ్చింది. ఆమె పోయి చానా ఏండ్లయింది. ఇప్పుడు గూడా బయటికి పోయేటప్పుడు ఎవరన్నా తుమ్మితే ముందు ఆమె మొహమే కండ్ల ముందరికొస్తుంది.

వదిన అంటే మా ఇంటాయనకి సొంత అక్క. మాది ఆత్మకూరు, చింతపండు టోకు వ్యాపారం. ఆమెది ఉదయగిరి, మిరపకాయల అంగడి. పిల్లల్లేరు. మొగుడు పోయిన ఆరో నెల అంగడి తలుపులు తెరిచి, ఆయన కూర్చునే చోటే తాను కూర్చునింది. ఊరంతా నోరు నొక్కుకున్నారు. ఎన్నాళ్ళని నొక్కుకుంటారు? నొప్పి పుట్టి వాళ్ళే ఊరుకున్నారు. తర్వాత అందరూ ఆమె దగ్గరే మిరపకాయలు కొన్నారు.

పొడుగు మనిషి, ఎముకల మనిషి. తెల్లచీర. నడుములో ఇత్తడి ముక్కుపొడి డబ్బీ. దాని మూత బొటనవేలితో 'టక్'మని తీసేది. ఆ టక్కు తర్వాత ఆమె ఏదో ఒక మాట అంటుందని అందరికీ తెలుసు. రైతు బస్తా తెస్తే ఆమె కాయ రంగు చూసేది కాదు. ఒక కాయ తీసి చెవి దగ్గర పెట్టుకుని ఆడించేది. లోపల గింజ మోగితే ఎండిన సరుకు. మోగకపోతే "పచ్చిగా ఉండాది నాయనా, ఇంకో నాలుగు రోజులు ఎండనీ" అని వెనక్కి పంపేది. మనుషుల్ని చూసినా అదే లెక్క. కొత్త తాసీల్దారు వచ్చినా, ఎవరింటికన్నా కొత్తల్లుడు వచ్చినా, ఒక చూపు చూసి, టక్, "తోలు ఎర్రగానే ఉండాది గానీ గింజ మోగట్లేదమ్మే" అనేది. తమ్ముడి గురించి గూడా నా ముందరే ఆ మాట అనేది. కట్టుకున్నదాన్ని, కాదనాల్సినదాన్నే. కానీ ఏం చెప్పి కాదనేది?

మా ఆయనకి శకునాల పిచ్చి. అట్లా ఇట్లా కాదు. గడప దాటాలంటే ముందు దగ్గేవాడు. ఆ దగ్గు వినపడితే నేను చేతిలో పని ఎక్కడిదక్కడ పారేసి, చెంబుతో నీళ్ళు పట్టుకుని, పెరటి దారిన చుట్టూ తిరిగి పరిగెత్తి వీధిలోకి రావాల. వచ్చినాక ఏమీ తెలియనిదాని మాదిరి నిమ్మళంగా నడుచుకుంటా ఆయనకి ఎదురు రావాల. రోజుకి మూడుసార్లు. పొయ్యి మీద పప్పు మాడితే ఆ తిట్లు గూడా నాకే. ఒంటి తుమ్ము వినపడిందా, వెనక్కొచ్చి కాళ్ళు కడుక్కుని, కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరేవాడు. రెండు తుమ్ములైతే దోషం లేదంట. ముత్తైదువ ఎదురొస్తే మంచిదంట. మొగుడు లేని మనిషి ఎదురొస్తే మటుకు ఆ రోజుకి ఆ పని మానుకోవాల్సిందే. ఆ మనిషి సొంత అక్కైనా సరే.

వదిన ఒకసారి పదిరోజులుందామని ఆత్మకూరు వచ్చింది. దగ్గు వినపడినప్పుడల్లా నేను వీధిలోకి, ఆమె సామాన్ల గదిలోకి. "అక్కా, కాస్త లోపలుండు" అనేవాడు ఈయన. చెడ్డగా అనేవాడు కాదు. కూర్చున్న మనిషిని కాలు తీయమన్నంత మామూలుగా అనేవాడు. మూడో రోజు ఆమె కోవెల నుంచి వస్తా ఉంటే ఈయన గడప దిగతా ఉండాడు. ఎదురెదురు పడినారు. ఈయన వెనక్కి తిరిగి, చొక్కా విప్పి, కొక్కేనికి తగిలించి కూర్చున్నాడు. ఆ చొక్కా మీద నాకు ఇప్పటికీ కోపమే.

మరుసటి రోజే ఆమె బస్సెక్కింది. ఎక్కేముందు, టక్, నాతో అనింది. "వాడింట్లో అన్నానికి లోటు లేదమ్మే. నడవటానికే చోటు లేదు."

స్వరాజ్యం వచ్చిన మరుసటేడు ఉదయగిరిలో ఆమె అంగడి వెనక గోడకి కన్నం పడింది. పోయినవి రెండు బస్తాల మిరపకాయలే. మా ఆయన మటుకు కొంప మునిగినట్టు నన్ను గూడా లాక్కుని ఉదయగిరి పోయినాడు.

"ఇంక చాలు, ఇల్లు మూసేసి ఆత్మకూరు రా. ఒంటి ఆడది కాపలా లేకుండా ఉంటే మా తల యాడ పెట్టుకోవాల?"

"కాపలా పెట్టుకుంటాలేరా."

"మగమనిషిని పెట్టుకుంటే ఊరు ఊరుకుంటుందా?"

"మగమనిషిని పెట్టుకుంటానని ఎవరన్నారు?" అనింది వదిన.

ఈయన నవ్వినాడు. నెలరోజులు గడువిచ్చినాడు. ఆడమనిషి ఇంటికి ఆడమనిషి కాపలా ఉండదు, మగమనిషి ఉండకూడదు, ఇంకెవరుంటారని ఈయన ధీమా.

ఆ ఊళ్ళో కొండ కింద ఒక బంగళా ఉండేది. అందులో ఉన్న తెల్లదొర తన దేశం పోతా పోతా, కుక్కని వంటవాడికి అప్పజెప్పినాడు. వంటవాడు జీతం ఆగిపోయిన మరుసటి వారమే మద్రాసు రైలెక్కినాడు. కుక్క ఆ బంగళా కాంపౌండులో గొలుసుతో అట్నే ఉండిపోయింది. వాచ్‌మన్ పెట్టినప్పుడు తినేది, లేనప్పుడు పస్తు. డొక్కలు బయటికొచ్చినాయి. అయినా ఎత్తు ఎత్తే గదా, అటు పోయే పిల్లకాయలు దాన్ని చూసి జడుసుకునేవాళ్ళు. దాన్ని కాల్చేయాలని పెద్దలు తీర్మానం చేసినారు. తుపాకీ ఉన్నాయన వచ్చినాడు గానీ తూటాలు ఇంట్లో మరిచిపోయినాడంట. తూటాల కోసం ఆయన ఇంటికి పోయి వచ్చేలోపల మా వదిన బంగళాకి పోయింది.

దాని ముందర నిలబడి కాసేపు చూసిందంట. అది లేచి, వచ్చి, ఒళ్ళంతా ఆమెకి ఆనించి నిలబడిందంట. ఆమె గొలుసు విప్పి, చేత్తో పట్టుకుని, బజారు మధ్యలో నుంచి నడిపించుకుంటా అంగడికి తెచ్చుకుంది. ఆ దారిన ఉండే ఇండ్ల తలుపులన్నీ ఒకదాని తర్వాత ఒకటి మూసుకున్నాయంట. తుపాకీ ఆయన తూటాలతో తిరిగొచ్చి, కుక్క లేకపోయేసరికి దేన్ని కాల్చాలో తెలియక వేపచెట్టు మీద కాకుల్ని అదిలించి పోయినాడు.

దాని అసలు పేరు ఎవరికీ తెలియదు. దొర కుక్క గనక ఆమె 'దొర' అనింది. పొద్దున్నే అంగడి ఊడ్చేటప్పుడు "దొరా, లెయ్యరా, పక్కకి జరగరా" అని చీపురుతో తట్టేది. ఆ మాట వినడానికే ఇద్దరు ముగ్గురు ఖద్దరాయనలు రోజూ అంగడి ముందర వచ్చి నిలబడేవాళ్ళు. మాంసం తిని పెరిగిన ప్రాణి, మా ఇండ్లల్లో అదెక్కడిది? రాగిసంగటి, పప్పు, మజ్జిగ. మూడు నెలల్లో నున్నగా అయింది. పూటకి మూడు ముద్దల సంగటి లాగించేది.

ఇంతా చేస్తే అంత పిరికిగొడ్డు ఆ తాలూకా మొత్తంలో లేదు. పిల్లిని చూస్తే బస్తాల వెనక్కి. మేకని చూస్తే మంచం కిందికి, మంచం కింద పట్టక మంచాన్ని వీపు మీద మోసుకుంటా నిలబడేది. కొత్తమనిషి వస్తే మొరిగేది కాదు, పోయి ఆనుకునేది. నూనె అమ్మే ఆయన డబ్బాతో సహా కిందపడినాడు. వదినకి ఈ సంగతి మొదటి వారంలోనే తెలిసిపోయింది. అయినా ఆమె బయటపడే రకమా? ఎవరన్నా మెట్టెక్కితే లోపల్నుంచి కేకేసేది. "రండి రండి, భయపడబాకండి! కట్టేసినాను! గొలుసు గట్టిదే!" అప్పుడు దొర ఆమె చీర కొంగు తలకింద పెట్టుకుని గురకపెడతా ఉండేది.

మిరపకాయల అంగడి గదా, మొదట్లో అది రోజంతా తుమ్మేది. తర్వాత ఆ ఘాటుకి అలవాటుపడింది. ముక్కుపొడికి మటుకు అలవాటు పడలేదు. డబ్బీ మూత 'టక్'మంటే చాలు, పొడి ముక్కుకి అందకముందే తుమ్మేది. ఒక్కటే తుమ్మేది. ఆ ఒక్కదానికి త్రాసు తట్టలు ఊగేవి.

నెల గడువు దాటి ఇంకో నెలయింది. మా ఆయన కాపలా సంగతి విని కిక్కురుమనకుండా ఉన్నాడు. ఇంతలో సంతలో ఉదయగిరి మనిషొకడు కలిసి, "మీ అక్కగారి కుక్క కోడిపెట్టకి జడిసి బావి చుట్టూ తిరిగిందండి, కోడి దాని వెనకాల" అని చెప్పినాడు. సాయంత్రానికే ఈయన ప్రయాణం కట్టినాడు. నన్ను గూడా రమ్మన్నాడు, ఎదురు రావడానికి మనిషి కావాల గదా.

పోయేసరికి దొర ఎదురొచ్చింది. ఈయన జడుసుకుని గోడకి అంటుకుపోయినాడు. అది గూడా పోయి ఈయనకి అంటుకుంది. గోడకీ కుక్కకీ మధ్యలో ఇరుక్కుని అరిచినాడు. "ఇదా నీ కాపలా? దొంగొస్తే జోకొట్టి పండబెడుతుంది! పెట్టె సర్దు అక్కా. మధ్యాన్నం బస్సుకి పోతా ఉండాం."

వదిన మారుమాట లేకుండా పెట్టె సర్దింది. అంత తొందరగా ఒప్పుకునేసరికి నాకే అనుమానమొచ్చింది. నిజం చెప్పొద్దా, నాకు గూడా ఆమె రావడం ఇష్టం లేదు. అంతా ఆమె మీద ప్రేమ అని చెప్పను. ఒక వంటింట్లో ఇద్దరాడవాళ్ళంటే ఏందో నాకు తెలుసు. కానీ సామాన్ల గది తలుపు సందులో నుంచి కనపడే ఆ తెల్లచీర నేను మళ్ళీ చూడలేను. అది గూడా నిజమే.

బయల్దేరినాం. ఈయన దగ్గినాడు. నేను చెంబుతో వీధిలో నుంచి ఎదురొస్తా ఉండాను. ఈయన గడప మీద కాలు పెట్టినాడు. వెనకాల వదిన, ఆమె పక్కన దొర. టక్.

దొర తుమ్మింది.

ఈయన మొహం మాడిపోయింది. వెనక్కి వచ్చి కాళ్ళు కడుక్కుని, కూర్చుని, మంచినీళ్ళు తాగి లేచినాడు. మళ్ళీ దగ్గు, మళ్ళీ నేను వీధిలోకి, మళ్ళీ గడప. టక్. మళ్ళీ తుమ్ము. దూరంగా బస్సు హారను వినపడతా ఉండాది. అవి బొగ్గు బస్సుల రోజులు, ఇంజను రాజుకోవడానికి అరగంట పట్టేది. రాజుకుందంటే మటుకు ఇంక ఎవరికోసమూ ఆగేది కాదు. మూడోసారి తుమ్మేసరికి ఈయన కుక్క ముందర గొంతుక్కూర్చున్నాడు. దాని మొహం రెండు చేతుల్తో పట్టుకుని, "ఇంకొక్కటి తుమ్మరా! నా తండ్రి గదా! రెండైతే దోషం లేదు! ఒక్కటి!" అని బతిమాలినాడు. దొర ఆయన మొహం నాకింది. బస్సు వెళ్ళిపోయింది.

నేను చెంబు పట్టుకుని వదిన బొటనవేలి దిక్కు చూస్తా నిలబడినాను. ఆమె నన్ను చూసింది.

వంటింట్లో అడిగింది. "చూసినావా?"

"చూసినాను వదినా."

"చూస్తే చూసినావులే. నోరు మూసుకో."

మరుసటి రోజు తెలిసిందేమంటే, ఆ బస్సు దారిలో వాగు దగ్గర ఇసకలో దిగబడి, జనమంతా చీకటిపడేదాకా తోసినారంట. ఆ బస్సు ఆ వాగులో దిగబడని వారముంటే చెప్పండి! మా ఆయనకి ఎవరు చెప్తారు? కుక్క కాళ్ళకి దణ్ణం పెట్టడం ఒకటే తక్కువ. "అక్కా, ఇది మామూలు కుక్క కాదు. ఇది ఉన్నన్నాళ్ళు నువ్వు ఈడనే ఉండు. ఇది పోయిననాడు మటుకు నేనొచ్చి తీసుకుపోతా. మాటేనా?"

"మాటే" అనింది వదిన.

ఆ మాట ఇచ్చినాక ఆమెకి కొత్త దిగులు పట్టుకుంది. అది ఎన్నాళ్ళు బతుకుతుంది? ఇంక చూడండి, ఆ కుక్కకి జరిగిన సేవ! చలికాలం కంబళి. తుమ్మితే మిరియాల కషాయం. తానే తుమ్మించేది, తానే కషాయం పోసేది. మేము పోయినప్పుడల్లా ఆత్మకూరు పశువుల ఆసుపత్రి కాంపౌండరుని అడిగి మందులు తీసుకుపోవాల. ఆయన ఎద్దు మందిచ్చి సగమేయమనేవాడు. వయసెంతని ఎవరడిగినా "మూడేండ్లు" అనేది. ఏడేండ్లపాటు దానికి మూడేండ్లే.

ఇటు మా ఆయన ఏ పెద్ద పని తలపెట్టినా ఉదయగిరి పోయి, కుక్క ముందర నిలబడి, గడప దాటి చూసుకోవడం మొదలుపెట్టినాడు. ఒకసారి పంచాయతీ ఎన్నికల్లో నిలబడతానన్నాడు. ఇంట్లో ఎదురు రావడానికి మనిషి లేనిదే కదలలేనాయన ఊరిని ఏం నడుపుతాడు? దొర తుమ్మింది. మా కొంప నిలిచింది.

ఎంత దాచినా వయసు దాగుతుందా? దొర మూతి తెల్లబడింది. వెనక కాళ్ళు పట్టుతప్పినాయి. వదిన దాని పొట్ట కింద పాత చీర వేసి, రెండు చివరలూ పట్టుకుని లేపి, వాకిట్లోకి నడిపించేది. ఆఖరి నెలల్లో ముక్కుపొడి పూర్తిగా మానేసింది. "తుమ్మితే దానికి ఒళ్ళంతా నొప్పమ్మే" అనింది. ముప్పై ఏండ్ల అలవాటు.

ఒక ఎండాకాలం కార్డొచ్చింది. "దొర పోయినాడు. మాట ప్రకారం వచ్చి తీసుకుపో."

మా ఆయన ఆ కార్డు రెండుసార్లు చదివి జేబులో పెట్టుకున్నాడు. మేము పోయేసరికి అంగడి తలుపులు మూసి ఉండాయి. వదిన ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉండాది. చేతిలో తాళంచెవి. పెరట్లో మట్టి కొత్తగా తవ్వి ఉండాది, ఎనిమిదిమంది పట్టినారంట మోయడానికి. వదిన ఏడవలేదు. "కూర్చోండి, మజ్జిగ తాగి పోదాం" అనింది, అంతే. ఆ మనిషిని అంత మెత్తగా నేను ఎప్పుడూ చూడలేదు, నాకు భయమేసింది. ఏదన్నా ఒక మాట అనదా, ఒక టక్కు వినపడదా అని చూస్తా ఉండాను.

బస్సు హారను వినపడింది. ఈయన పెట్టె చేతికి తీసుకుని దగ్గినాడు. నేను చెంబుతో వీధిలోకి పోయి తిరిగినాను. ఈయన గడప మీదికి వచ్చినాడు. వెనకాల వదిన. ఆమె పక్కన, దొర నిలబడే చోట, ఎవరూ లేరు. ఆమె ఒకసారి ఆ ఖాళీ జాగా చూసి, "పదరా. తుమ్మేవాళ్ళు లేరుగా" అనింది.

ఈయన కాలు ఎత్తినాడు. ఎత్తిన కాలు అట్నే ఉండాది.

"హాచ్" అన్నాడు.

అది తుమ్మా! నోటితో పలికిన మాట. ముక్కు కదల్లేదు, కండ్లు మూసుకోలేదు. నాటకాల్లో చిన్నపిల్లకాయలు గూడా ఇంతకంటే బాగా తుమ్ముతారు.

"ఒంటి తుమ్ము" అన్నాడు, మా ఎవరి మొహమూ చూడకుండా. "శకునం బాగలేదు. ప్రయాణం వద్దు."

వదిన కదల్లేదు. నిలబడిన చోటి నుంచే అనింది. "ఇంకొకటి తుమ్మరా. రెండైతే దోషం లేదు గదా."

"రాదు."

"తుమ్మి చూడు."

"రాదక్కా. నా ముక్కు సంగతి నాకు తెలియదా? ఎన్నేండ్లు నిలబడినా రాదు." పెట్టె తీసుకుపోయి లోపల, అది ఎప్పుడూ ఉండే మూలలోనే పెట్టి వచ్చినాడు. బస్సు హారను కొట్టుకుంటా పోయింది.

వదిన నడుములో చెయ్యి పెట్టి డబ్బీ తీసింది. టక్. తమ్ముడి ముందర పట్టింది. "ఈసారి తుమ్మేటప్పుడు ఇది పట్టించరా. చూసేవాళ్ళకి కాస్త నమ్మకంగా ఉంటుంది."

డబ్బీ సంగతి ఎప్పట్నించి తెలుసో ఆయన చెప్పలేదు, మేము అడగలేదు. వంటింట్లో వదిన సంగటి కెలుకుతా కెలుకుతా, నా చెవి దగ్గరికి వంగి, "మోగిందమ్మే" అనింది. అని, అప్పుడు ఏడ్చింది.

మరుసటి రోజు మేమిద్దరమే బయల్దేరినాం. ఈయన గడప దగ్గర నిలబడి దగ్గినాడు. అలవాటు కొద్దీ నేను చెంబు పట్టుకుని పెరటి దారికి పరిగెత్తబోయినాను.

"నువ్వుండవే" అన్నాడు. "అక్కా, నువ్వు రా."

ఆమె చెంబు తీసుకుంది. పెరటి దారిన పోలేదు. ఈయన పక్కనుంచే గడప దిగి, వీధిలోకి పోయి, ఊరంతా చూస్తా ఉంటే తిరిగి నడుచుకుంటా ఎదురొచ్చింది. ఈయన ఆమె మొహం చూసి, దిగి, బస్సు దగ్గరికి పోయినాడు.

ఆ రోజు బస్సు వాగులో దిగబడింది. మామూలుకంటే లోతుగా. మా ఆయన దిగి, పంచె ఎగ్గట్టి, మోకాళ్ళ దాకా ఇసకలో నిలబడి, పొద్దుగుంకేదాకా తోసినాడు. శకునం ఊసు మటుకు ఎత్తలేదు.